ఓటమినాఁటి చుట్టములు

కలిమిలేములు కావడికుండలని పెద్దలందురు. ఆ మాట యెంత నిజమో మనదేశమున హాకీయాట నభిమానించుచు ముదిసినవానికిఁ దెలిసినట్లు మఱియొకనికిఁ దెలియదు.

1928 మొదలు 1956 వఱకు నాడిన ఆఱు ఒలింపిక్కులలోను బంగారుపతకము మనదే. అందును 1948లో లండను నగరమున, నిన్నటిదాఁక మనల నేలిన బ్రిటనునే 4-0 గోలులతో నోడించిన దినమును మఱవఁగలవా రెవ్వరు? ఆ వెలుఁగు 1960లో రోమునగరమునఁ బాకిస్తాను కొట్టిన యొక్క గోలుతో మసకబాఱెను.

1975లో కౌలాలంపూరున ప్రపంచకప్పు సెమీఫైనలులో మలేషియాకు వెనుకఁబడియుండఁగా, అస్లం షేర్ ఖాన్ పెనాల్టీ కార్నరును గోలుగా మలఁచి జట్టును నిలిపెను. ఫైనలులో ధ్యాన్‌చంద్ కుమారుఁడు అశోక్ కుమార్ కొట్టిన గోలుతోఁ బాకిస్తానుపై 2-1 గెలుపు దక్కెను. రేడియోచుట్టు మూఁగి ఊపిరి బిగఁబట్టి విన్నవారి యానందమునకు మేరలేదు. అది రెండేండ్లైన నిలువలేదు. 1976లో మాంట్రియలునఁ గృత్రిమపుఁ బచ్చికపై మనవా రేడవ స్థానమునకు జాఱిరి. గడ్డినేలపై బంతిని కఱ్ఱకంటించి నడపు మన నేర్పునకు, వేగమును బలమును గోరు నా క్రొత్తనేల పరాయిదయ్యెను. అట్టి మైదానములను మన పట్టణములలో సకాలమున నిర్మింపకుండుట ఆటగాండ్ర తప్పిదమా?

అయినను తప్పు మోయుటకు మన కొకఁడు కావలెను. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనలులోఁ బాకిస్తానుచేత 7-1 గోలులతో నోడినపుడు, గోలుకీపరు మీర్ రంజన్ నేగిని ద్రోహి యని నిందించిరి. పదునొకండ్రు కలిసి యోడిన యాటకు ఒక్కనిని బలియిచ్చితిమి. 1998లో బాంకాకున, ముప్పదిరెండేండ్లకు మరల ఆసియా స్వర్ణమును గెలిచిన జట్టు గోలుకీపర్లకు శిక్షణ మిచ్చినది ఆ నేగియే. నిందించినవారిలో నెందఱు నాఁడు క్షమాపణ కోరిరి?

2008లో బీజింగునకుఁ బోవు నర్హతయే లేకపోయెను. 2012లో లండనునఁ బండ్రెండు జట్లలోఁ గడపటిది మనదే. ఆపైని 2021లో టోక్యోలో జర్మనీకి 3-1 వెనుకఁబడియు లేచి, 5-4 గెలిచి, నలువదియొక్క యేండ్లకుఁ బతకమును ముద్దాడితిమి. కడపటి క్షణములలో శ్రీజేశ్ అడ్డుకొన్న పెనాల్టీ కార్నరును జూచి వృద్ధులు కంటతడిపెట్టిరి. ఆ కన్నీరు నలువదియేండ్లు కాచుకొన్నవారిది. గెలుపునాఁడే చేరినవారి కది దక్కదు.

గెలుపునకుఁ జుట్టములు వేలు, ఓటమికి వేళ్లమీఁద లెక్కింపవచ్చును. మూఁడు ఒలింపిక్కులలో నాడిన ముకేశ్ కుమారును గన్న హైదరాబాదులోనైనను, నేఁడు హాకీ మైదానమునకుఁ జూడఁబోవువా రెందఱు? చదువరులారా! పతకమునాఁడు బాణసంచ కాల్చుట సులభము. మీ యూరి పాఠశాల మైదానమున సాయంకాలము కఱ్ఱలు పట్టి యాడు పిల్లలున్నచో, ఒక్కదినము పోయి గట్టున నిలువుఁడు. వారోడినను చప్పట్లు చఱచి రండు. ఆట నిలుచుట కది చాలును.