సీనియారిటీ అడిగితే పేచీ అంటారా?

సంపాదకులకు,

ఉద్యోగుల ప్రమోషన్ అప్పీళ్ల వల్లే ఫైళ్లు కదలడం లేదని గతవారం ఒక పాఠకుడు రాశారు. ఆయన కొస చూశారు గానీ మొదలు చూడలేదు.

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి తూర్పుగోదావరి నుంచి కాకినాడ, కోనసీమ జిల్లాలు విడివడ్డాయి. పశ్చిమగోదావరి ఏలూరు, భీమవరం కేంద్రాలుగా చీలింది. బోర్డులు రాత్రికి రాత్రే మారాయి. సిబ్బందిని మాత్రం ఉన్నవాళ్లనే పంచి సరిపెట్టారు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జూనియర్ అసిస్టెంటు స్థాయి పోస్టులు జిల్లా కేడరువి. సీనియారిటీ పాత జిల్లాలో, కుర్చీ కొత్త జిల్లాలో అయితే అనుమానాలు పుట్టవా?

పైగా ప్రమోషన్ల ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 వరకే. అభ్యంతరం తేలేలోగా ఆ గడువు దాటితే, రిటైర్మెంటు ముంగిట ఉన్నవాడికి పింఛను లెక్కే మారిపోతుంది. రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ రద్దయ్యాక అతనికి మిగిలింది హైకోర్టు గడపే.

తాత్కాలిక సీనియారిటీ జాబితాను వేళకు నోటీసు బోర్డులో పెట్టి, అభ్యంతరాలకు కారణాలతో రాతపూర్వకంగా జవాబిస్తే సగం అప్పీళ్లు పుట్టనే పుట్టవు. శివారు చేలకు నీరందకపోతే మన డెల్టాలో రైతును తిట్టం, లాకుల దగ్గరకు వెళ్లి చూస్తాం. ఇక్కడా అదే చేద్దాం.

- ఒక విశ్రాంత ఉద్యోగి, అమలాపురం