మా అత్తమ్మ గురువు కాదు

సంపాదకుల వారికి,

గురునానక్ జయంతి నాటి ఆదివారం సంచికలో 'సిక్కులలో కులం లేదు, ఆ ఇంటి కోడలు కావడం అదృష్టం' అని రాసిన మీ విలేఖరి గురుద్వారా లంగరులో పంక్తిన కూర్చుని పప్పూ రొట్టే తిని అటే వెళ్ళిపోయినట్టున్నారు. పంక్తిలో అందరం సమానమే, ఒప్పుకుంటాను. పంక్తి లేచాక ఏం జరుగుతుందో ఎవరు రాస్తారు?

నేను అత్తాపూర్ సిక్కు ఛావనీలో పుట్టిన దక్కనీ సిక్కును. 1832లో మహారాజా రంజిత్ సింగ్ నిజాంకు పంపిన లాహోరీ ఫౌజు సంతతి మేము. ఆ సిపాయిలు చాలామంది ఇక్కడి ఆడవాళ్ళనే పెళ్ళాడారు. ఆ పెళ్ళిళ్ళ బాకీ నేను కడుతున్నాను. సికింద్రాబాద్‌లోని పంజాబీ కుటుంబంలోకి కోడలిగా వెళ్ళిన రోజు, గురుగ్రంథ సాహిబ్ చుట్టూ పెళ్ళి ప్రదక్షిణల్లో నాలుగో లావాఁ తిరుగుతుంటే వెనక ఎవరో పెద్దావిడ 'పిల్ల మంచిదే కానీ అసలు సిక్కు రక్తం కాదుగా' అంది. నాకు పంజాబీ అర్థం కాదనుకుంది పాపం!

మూడో రోజు చారు కాచాను. మా అత్తమ్మ ఒక చెంచా నోట్లో పోసుకుని, 'మద్రాసీ తిండి' అని గిన్నెను వేలితో పక్కకు తోసింది. పదకొండేళ్ళయినా ఆ గిన్నె నా కళ్ళముందే ఉంది. తెల్లవారుజామున నేను జప్‌జీ చదివితే ఆడపడుచులు యాసకు నవ్వుతారు. 1699లో గురువు అడిగితే తల ఇవ్వడానికి లేచిన ఐదుగురిలో ఒకరు మన బీదర్ మంగలి అని వాళ్ళకెవరు చెప్పాలి? కులం చూడకుండా పెళ్ళి చేయమని 1945 నాటి సిక్కు నియమావళి రెహత్ మర్యాదలోనే ఉంది. ఇంగ్లీషు పత్రికల పెళ్ళి ప్రకటనల్లో మాత్రం జాట్, ఖత్రీ, రామ్‌గఢియా అని వరుసగా గళ్ళు!

అన్నట్టు, మీ నవ్వుల పేజీలో 'పన్నెండు గంటల' సర్దార్జీ జోకులు ఇంకెన్నాళ్ళు? మొన్న మా అబ్బాయిని బడిలో అదే జోకుతో ఏడిపించారు. ఇంట్లో నేను సిక్కును కాను, బయట వాడు మరీ ఎక్కువ సిక్కు. మీ వాళ్ళూ మా వాళ్ళూ కూర్చుని ఏదో ఒకటి తేల్చండి.

'అంత బాధైతే గురుద్వారాకు ఎందుకు పోతావ్?' అని మా చుట్టాలు అడుగుతారు. ఎందుకు మానాలి? చారు గిన్నె తోసింది అత్తమ్మ, గురువు కాదు.

వచ్చే ఏడు మళ్ళీ రాస్తారుగా. అమృత్‌సర్ ఫోటో వేసి సరిపెట్టకుండా మీ విలేఖరిని మా ఛావనీలోని బరంబాలా గురుద్వారాకు పంపండి. లంగరయ్యాక మా అమ్మగారింటికి వస్తే చారు పోస్తాను.

- ఒక పాఠకురాలు, హైదరాబాద్