సర్వరోగ నివారిణి

సంతలో చాప పరచి, సీసాలు పేర్చి, “తలనొప్పికి, కడుపునొప్పికి, కీళ్ళనొప్పికి ఇదొక్కటే మందు!” అని కేకలు వేసే వ్యాపారిని మీరు చూసే ఉంటారు. అన్ని జబ్బులనూ పోగొడుతుందనే అలాంటి మందునే ‘సర్వరోగ నివారిణి’ అంటాం. సర్వ అంటే అన్ని. నివారిణి అంటే పోగొట్టేది. ఇంతకూ అలాంటి మందు ఉందా? లేదనే నా అభిప్రాయం.

రామాయణాన్నే చూడండి. ఇంద్రజిత్తు అస్త్రానికి రామలక్ష్మణులు, వానరసేన కూలిపోయినప్పుడు, జాంబవంతుడు హనుమంతుణ్ణి ఓషధుల కొండకు పంపాడు. తెమ్మన్నది ఒక మూలికను కాదు, నాలుగింటిని. ప్రాణం పోసేది మృతసంజీవని. గుచ్చుకున్న బాణాలను వెలికితీసేది విశల్యకరణి. తెగిన అంగాలను అతికించేది సంధానకరణి. మునుపటి మేనిచాయను తెచ్చేది సావర్ణ్యకరణి. కావ్యంలో సైతం ఒక్క మందు అన్నిటికీ చాలలేదు.

నేటి వైద్యశాస్త్రం కూడా ఇదే చెబుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపించిన పరిశోధనల ఫలితంగా 1948లో ‘ఆరియోమైసిన్’ వెలువడింది. అది అనేక రకాల బాక్టీరియాను అణచే మందు. అయినా వైరస్ వల్ల వచ్చే జలుబుకు అది పనిచేయదు. ఇలాంటి మందులను అవసరం లేకుండా వాడితే, వాటికి లొంగని బాక్టీరియా పెరుగుతుంది. తీరా ప్రాణం మీదికి వచ్చినప్పుడు మందు పనిచేయకుండా పోతుంది.

మంచి మందును ‘రామబాణం’ అని కూడా అంటాం. కన్నడిగులు, మరాఠీవారు కూడా ఆ మాట వాడతారు. కాని ఈ రెండు మాటలూ ఒకటి కావు. రామబాణానికి గురి ఒకటి ఉంటుంది, అది తప్పదు. సర్వరోగ నివారిణికి గురే లేదు.

ఈ తేడా మందులకే పరిమితం కాదు. ఇంగ్లీషు చదువుతో అన్ని కష్టాలూ తీరతాయని కొందరంటారు. మాతృభాష ఒక్కటే చాలని మరికొందరంటారు. పొరుగు రాష్ట్రాల్లో తెలుగు చదువుకొనే మనకు ఇంటి భాషా కావాలి, ఊరి భాషా కావాలి, పైచదువుల భాషా కావాలి. దేని పని దానిదే.

అందుకే పత్రికలలో ఈ మాట తరచుగా ‘కాదు’ అనే మాటతో కలిసి కనిపిస్తుంది: “ఈ పథకం సర్వరోగ నివారిణి కాదు.” అదే సరైన వాడుక. ఎవరైనా “ఇది సర్వరోగ నివారిణి” అంటే, “ఏ రోగానికి?” అని అడగండి. సూటిగా జవాబు చెప్పలేనివారి మందును ముట్టుకోకండి.