ఘాట్ రోడ్డులో తొందర తగదు

చలికాలం వచ్చిందంటే అరకు లోయ చూడటానికి కుటుంబాలతో వచ్చేవారి కార్లు, బస్సులతో అనంతగిరి ఘాట్ రోడ్డు కిటకిటలాడుతుంది. ఒక ప్రక్క కొండ, మరో ప్రక్క లోయ. మలుపు తిరిగేదాకా ఎదుట ఏమి వస్తున్నదో తెలియదు. పిల్లలు కళ్లు మూసుకుంటారు, పెద్దలు దేవుణ్ణి తలచుకుంటారు.

2021 ఫిబ్రవరి 12న అరకు చూసి తిరిగి వెళుతున్న హైదరాబాదు వారి బస్సు డముకు వద్ద లోయలో పడి నలుగురు మరణించారు. ఆ విషాదం మరువరానిది.

కొండ ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే జాగ్రత్త ఎక్కువ అవసరం. చమురు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో బండిని వదిలేవారున్నారు. అప్పుడు భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది. అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నిబంధన. మలుపుల్లో ఓవర్‌టేక్ చేయరాదు.

ఇది యాత్రికుల సమస్య మాత్రమే కాదు. జీపుల్లో, ఆటోల్లో సంతకు వెళ్లే మన్యం పల్లెల ప్రజలకూ ఇదే దారి. బండ్లలో పరిమితికి మించి ఎక్కించడం, టాపు మీద కూర్చోబెట్టడం మానాలి. అధికారులు రక్షణ గోడలు, హెచ్చరిక బోర్డులు సరిచూడాలి. కొండ దారి ఎరుగని డ్రైవర్లను దిగువనే ఆపి, జాగ్రత్తలు చెప్పి పంపాలి. గంట ఆలస్యమైనా క్షేమంగా ఇల్లు చేరడమే ముఖ్యం.