రబ్బరు మీటలూ, రాగి తీగలూ, మూడు అభ్యంతరాలూ

పాత గృహ కంప్యూటరుకు సొంతంగా కీబోర్డు కట్టుకోవడం వృథాప్రయాస అనేవారు మూడు రకాలు. "ఎమ్యులేటరు ఉండగా ఈ అవస్థ దేనికి?" అనేవారు మొదటివారు. "ఒక మైక్రోకంట్రోలరు పెట్టి, బజారులో దొరికే యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే చాలదా?" అనేవారు రెండోవారు. "పాత వస్తువును ముట్టుకోవడమే అపచారం" అనేవారు మూడోవారు. ఈ ముగ్గురితోనూ నాకు పేచీ ఉంది.

ముందు వస్తువును పరిచయం చేస్తాను. 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సింక్లెయిర్ రీసెర్చ్ సంస్థ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ను విడుదల చేసింది. 16 కిలోబైట్ల నమూనా వెల 125 పౌండ్లు. సామాన్యుడికి అందే వెలలో ఉండాలంటే కీబోర్డులోనూ పొదుపు తప్పలేదు. విడివిడి స్విచ్చులకు బదులు 40 మీటలున్న ఒకే రబ్బరు పరుపు, దాని కింద విద్యుత్ ప్రసరించే గీతలు అచ్చొత్తిన పలుచని ప్లాస్టిక్ పొర. ఆ పొరకు రెండు తోకలు: ఒకదానిలో 5 గీతలు, రెండోదానిలో 8. నలభై ఏళ్ళు దాటేసరికి ఆ తోకలు పెళుసెక్కి విరుగుతాయి. ఎనిమిదింటిలో ఒక గీత తెగితే 5 మీటలు, అయిదింటిలో ఒకటి తెగితే 8 మీటలు ఒక్కసారిగా మూగబోతాయి. మన దేశంలోనూ 1980లలో డెసిబెల్స్ సంస్థ దీని తరువాతి రూపాన్ని లైసెన్సు మీద 'డీబీ స్పెక్ట్రమ్ ప్లస్' పేరుతో అమ్మింది. ప్లస్ నమూనాలో పైనున్నవి గట్టి ప్లాస్టిక్ మీటలే అయినా, కింద ఉన్నది మళ్ళీ పొరే. కనుక ఇది కేవలం పరాయి దేశపు ముచ్చట కాదు.

ఇక మొదటివారికి జవాబు. ఎమ్యులేటరు మీద నాకు ద్వేషం లేదు. పాత ప్రోగ్రాములను బతికించింది అదే. కాని ప్రోగ్రామును బతికించడం వేరు, యంత్రాన్ని బతికించడం వేరు. స్పెక్ట్రమ్‌లో కీబోర్డుకంటూ వేరే మెదడు లేదు. జెడ్80 ప్రాసెసరు అడ్రసు తీగలలో ఎనిమిది నేరుగా మీటల వరుసలకు వెళతాయి. అయిదు తీగలు జవాబు తెస్తాయి. నొక్కిన మీటకు 0, నొక్కనిదానికి 1. సెకనుకు 50 సార్లు రామ్‌లో కాదు, రోమ్‌లోని ప్రోగ్రాము ఈ విచారణ జరుపుతుంది. బేసిక్‌లో 65278 అనే పోర్టును చదివి చూడండి: జెడ్ మీట నొక్కగానే సంఖ్య 2 తగ్గుతుంది, ఎక్స్‌కు 4, సి కి 8, వి కి 16. వేలి నుంచి ప్రాసెసరు దాకా ఉన్న దారిని ఒక మనిషి కంటితో చూసి, మల్టీమీటరుతో తడిమి తెలుసుకోగలడు. ఎమ్యులేటరులోనూ ఆ సంఖ్య మారుతుంది, కాదనను. అయితే అక్కడ తీగ లేదు; తీగ ఉన్నట్టు నటించే ప్రోగ్రాము ఉంది. 2024లో రబ్బరు మీటలతో సహా అచ్చం ఆ రూపంలోనే వచ్చిన కొత్త పెట్టెలో కూడా పనిచేసేది ఎమ్యులేటరే.

రెండోవారి వాదం మరింత గడుసుది. వారు యంత్రాన్ని ఉంచుతారు, మధ్యలో ఒక దుబాసీని ప్రవేశపెడతారు. ఆ దుబాసీ లోపలి ప్రోగ్రాము రాసినవారు రేపు దానిని వదిలేస్తే, మూలప్రతి కనుమరుగైతే, మరమ్మతు చేసేదెవరు? నేను కట్టిన దానిలో 40 స్విచ్చులు, 13 తీగలు తప్ప మరేమీ లేవు. ఒక్కో స్విచ్చుకు ఒక కాలు వరుస తీగకు, రెండో కాలు నిలువు తీగకు సోల్డరు చేస్తే పని అయిపోయింది. ఏది చెడినా పది నిమిషాలలో పట్టుకోవచ్చు. ఇందులో ప్రోగ్రామే లేదు గనుక ప్రోగ్రాము పాతబడే భయమూ లేదు.

అంతకంటె ముఖ్యమైనది మీటల మీది రాత. స్పెక్ట్రమ్ బేసిక్‌లో ఆజ్ఞలను అక్షరాలు కూర్చి రాయరు. వాక్యం మొదట్లో జె మీట నొక్కితే 'లోడ్' అనే మాట మొత్తం తెరమీద పడుతుంది. పి నొక్కితే 'ప్రింట్'. ఒక్కో మీట మీద, దాని పైనా కిందా అయిదారు అర్థాలు ముద్రించి ఉంటాయి. ఆ రాతలేని బజారు కీబోర్డు ముందు కూర్చున్నవాడు గుడ్డివాడే. తెలుగు టైపు చేసేవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఇన్‌స్క్రిప్టులో ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. ఆర్‌టీఎస్‌లో తెలుగు మాటను ముందు రోమను అక్షరాలలో ఊహించుకోవాలి. మీటల అమరిక మారితే ఆలోచించే తీరూ మారుతుందని మన వేళ్ళకు అనుభవమే. అందుకే నా మీటల మీద ఆ ఆజ్ఞలన్నీ తిరిగి ముద్రింపించుకున్నాను. ఖర్చులో సగం దానికే అయింది. దండగ అనుకోను.

చివరగా అపచారవాదులు. వారి భయంలో న్యాయం లేకపోలేదు. పాత పెట్టెకు రంపం పెట్టి కోసేవారిని నేనూ సమర్థించను. అయితే ఆ కంప్యూటరు కొత్తగా ఉన్న రోజుల్లోనే, రబ్బరు మీటలతో విసిగినవారు సర్క్యూటు బోర్డును ఊడదీసి, డీకేట్రానిక్స్, సాగా వంటి సంస్థలు అమ్మిన కీబోర్డులకు మారారు. మార్పు కూడా ఆ యంత్రపు చరిత్రలో భాగమే. నా స్విచ్చులు అసలు పెట్టెలో పట్టవు కనుక, బోర్డును ఒక చెక్కపెట్టెలోకి మార్చాను. అసలు పెట్టె, రబ్బరు పరుపు, విరిగిన పొర భద్రంగా కట్టి ఉంచాను. నాలుగు మరలు విప్పితే అంతా యథాస్థితికి వస్తుంది. అద్దాల బీరువాలో, మూగబోయిన మీటలతో ఉన్న స్పెక్ట్రమ్ కంటె ఇదెందుకు తక్కువ పవిత్రమో వారే చెప్పాలి.

కట్టదలచినవారికి నేను పెట్టే షరతులు మూడే. అసలు వస్తువును కోయకండి. తీగకూ ప్రాసెసరుకూ మధ్య మరొకరిని రానివ్వకండి. మీటల మీది రాతను చెరపకండి. ఈ మూడూ పాటించి కట్టినదానిని వృథాప్రయాస అనేవారు, ముందు ఆ మీటల ముందు కూర్చుని నాలుగు వరుసల బేసిక్ రాసి, అప్పుడు వాదనకు రండి.