తెరమీది రంగులు

శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరే దినాన సూళ్ళూరుపేట దారిపొడుగునా జనం నిలబడి ఆకాశంవంక చూస్తారు. నియంత్రణ కేంద్రంలోని శాస్త్రజ్ఞులు మాత్రం తెరవంక చూస్తారు. ముందుగా గణించిన మార్గం ఒక గీత, రాకెట్టు నడుస్తున్న మార్గం మరొక గీత. ఆ రెండూ కలిసి సాగినంతసేపే వారికి ఊపిరి ఆడుతుంది. ఆ గీతలలో ఏది ఏదో చెప్పే భారం చాలవరకు రంగుమీదనే ఉంటుంది.

ఈనాడు తెర శాస్త్రజ్ఞుల సొత్తు మాత్రమే కాదు. కళాశాలలో పాఠానికీ, సాహిత్య సదస్సులో పత్ర సమర్పణకూ తెర కావలసివచ్చింది. తెర వచ్చినది గాని, దానిమీద ఏ రంగు ఎందుకు ఉండవలెనన్న ఆలోచన మనకు ఇంకా రాలేదు. ముదురు నీలంమీద ఎర్రని అక్షరాలు, తెలుపుమీద పసుపు అక్షరాలు, వెనుక ఒక పూలతోట బొమ్మ! వక్త చదువుకుంటూ పోతాడు. వెనుక వరుసవారు కళ్ళు చిట్లించి, తరువాత చూడటమే మానుకుంటారు. "విషయం ముఖ్యం గాని రంగుదేమున్నది?" అని కొందరు పెద్దలంటారు. కనబడని విషయం ఎంత ముఖ్యమైనా చెప్పనిదానితో సమానమే గదా!

ఇది అభిరుచికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు. మన కంటికటకం నీలి కాంతిని ఎక్కువగా, ఎరుపు కాంతిని తక్కువగా వంచుతుంది. అందుచేత నీలంమీది ఎర్రని అక్షరం ఒకచోట నిలువక కదలినట్లు తోస్తుంది. వెలుగు భేదాన్ని కొలిచే లెక్క కూడా ఉన్నది. నలుపు తెలుపుల నడుమ ఆ నిష్పత్తి 21. సాధారణ అక్షరాలకు కనీసం 4.5 ఉండవలెనని అంతర్జాల ప్రమాణాలను రూపొందించే డబ్ల్యు 3 సి సంస్థ నిర్ణయించింది. అచ్చమైన నీలంమీద అచ్చమైన ఎరుపుకు అది 2 చిల్లర. తెలుపుమీద పసుపుకు 1.1 అయినా లేదు.

ఈ లెక్కలు తెలియని కాలంలోనే మనవారికి ఈ విద్య తెలుసును. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో శ్రీహరికోట ఒక కొన అయితే శ్రీకాళహస్తి మరొక కొన. ఆ శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రం కథ చెప్పడానికి పుట్టినదే. గుడ్డను కరక్కాయ రసంలోనూ పాలలోనూ తడిపి ఆరవేస్తారు. బెల్లమూ ఇనుమూ ఊరవేసి తీసిన నల్లని కషాయంతో ముందు గీతలు గీస్తారు. ఆ తరువాతనే ఎరుపు, పసుపు, నీలం. రంగులు కొద్ది; ప్రతి రంగుకూ ఒక పని ఉన్నది. రాముడు, కృష్ణుడు నీలివర్ణంలో ఉంటారు. అయితే రాముణ్ణి పోల్చుకోవడానికి నీలమొక్కటే ఆధారం కాదు. చేతిలో కోదండం ఉన్నది. కృష్ణుడికి మురళి ఉన్నది. రంగు వెలిసినా కథ వెలియదు.

ఈ చివరి మాట విలువ నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. కొన్నేళ్ళ క్రిందట ఛందస్సు పాఠాన్ని తెరమీదికి ఎక్కించాను. గురువులన్నిటికీ ఎరుపు, లఘువులన్నిటికీ ఆకుపచ్చ. చూడముచ్చటగా ఉన్నదని మురిసిపోయాను. ఒక విద్యార్థి మాత్రం గణాలను వరుసగా తప్పు చెప్పాడు. "ఎదురుగా రంగులతో సహా కనబడుతూ ఉంటే చూడలేవా?" అని తరగతి అందరి ముందూ గద్దించాను. వాడు తల వంచుకున్నాడు. ఎరుపూ ఆకుపచ్చా తన కంటికి ఒక్కటిగానే తోస్తాయని తరువాత ఒంటరిగా వచ్చి చెప్పాడు. వాడు నిజంగానే చూడలేడు. నేను చూడగలిగి ఉండీ ఆలోచించలేదు.

జాన్ డాల్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తనకే ఉన్న ఈ లోపాన్ని 1794లో వర్ణించాడు. ఐరోపా సంతతి పురుషులలో నూటికి సుమారు ఎనిమిదిమందికి ఇది ఉన్నది; మన దేశంలో ఆ పాలు కొంత తక్కువ. తక్కువైనా, నిండైన తరగతిలో ఒక్కడు ఉండడని ఎవరు చెప్పగలరు? శ్రీహరికోటనుండి 2019 జూలై 22న బయలుదేరిన చంద్రయాన్–2 తాలూకు విక్రమ్, ఆ సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రునిపై దిగబోయినప్పుడు దేశమంతా చూసిన తెరమీద నిర్ణీత మార్గం ఎరుపు, నడచిన మార్గం ఆకుపచ్చ. ఆ రెండు గీతలూ విడిపోయిన క్షణాన అందరి గుండెలూ ఝల్లుమన్నాయి. వాటిలో ఒకటి చుక్కల గీతగా ఉండి ఉంటే మా విద్యార్థి వంటివాడు కూడా ఏది ఏదో తడుముకోకుండా ఆ క్షణాన్ని అందరితోపాటు అందుకొని ఉండేవాడు.

చిత్రమేమంటే, మన లాక్షణికులు ఈ చిక్కును ఎన్నడో తీర్చిపెట్టారు. గురువుకు వంపు గీత, లఘువుకు నిలువు గీత. నల్లబల్లమీద తెల్ల సుద్దముక్కతో ఆ రెండు గుర్తులూ తరతరాలకు ఛందస్సు నేర్పాయి. నేను వాటిని తీసివేసి రంగులు పులిమాను.

రంగులు వద్దనడం నా అభిమతం కాదు. వెలుతురున్న గదిలో లేతరంగుమీద ముదురు అక్షరం, చీకటి గదిలో ముదురుమీద లేత అక్షరం ఉంచండి. రంగులు మూడింటికి మించనీయకండి. ఒక అర్థానికి ఇచ్చిన రంగును కడదాకా ఆ అర్థానికే ఉంచండి. రంగుతోపాటు ఒక గుర్తో, మాటో తోడు చేర్చండి. ఆ పుటను ఒకసారి నలుపు తెలుపులలో అచ్చువేసి చూడండి. అప్పటికీ అర్థమైతే అది సభకు పనికివస్తుంది. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని క్షేమేంద్రుడు 11వ శతాబ్దిలో ప్రతిపాదించాడు. తెరకూ అదే ప్రాణం.

ఆ తరువాత నా పాఠంలో వంపు గీతలూ నిలువు గీతలూ తిరిగి వచ్చాయి. ఆ మరుసటి వారం ఆ విద్యార్థి ఉత్పలమాలకు గణాలు ఒక్క తప్పూ లేకుండా చెప్పాడు. ఆనాడు నేను వానికి క్షమాపణ చెప్పాను. అదీ తరగతి అందరి ముందే.