కోటకు కాపలా కాదు, కాపురం కావాలి

1572లో స్పెయిన్ సేనాని హువాన్ దె సాల్సెదో ఫిలిప్పీన్స్‌లో నెలకొల్పిన విగాన్ పట్టణం 1999లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అక్కడి క్రిసోలోగో వీధిలో రాళ్లు పరిచిన బాటకు ఇరువైపులా ఉన్న పాత మిద్దెలు ఖాళీ బొమ్మలు కావు. వాటిలో దుకాణాలు నడుస్తాయి, మనుషులు ఉంటారు. ఆ ఊళ్లోనే మగ్గాల మీద ఆబెల్ అనే బట్ట నేస్తారు. మరి తెలంగాణలోని గద్వాలకు ఏం తక్కువ? పాలకుడు సోమనాద్రి కట్టించిన కోట, లోపల చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట ప్రభుత్వ కళాశాల, ఊరంతా నేతగాళ్లు. నూలు చీరకు పట్టు అంచు, కొంగు జతచేసే ఆ పనితనానికి భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు కూడా వచ్చింది. అలాగే వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ పిల్లలు చదువుకుంటున్నారు. కోటలో బడి పెట్టడం మంచి పనే, మనుషులు మసలని గోడ త్వరగా కూలుతుంది. కానీ గోడ ఒక శాఖకు, గుడి మరో శాఖకు, మగ్గం ఇంకో శాఖకు పంచితే ఊరు ముక్కలవుతుంది. కోట, గుడి, నేత వీధులు కలిపి ఒకే వారసత్వ ప్రాంతంగా ప్రకటించాలి. పాత ఇంటిని పడగొట్టకుండా బాగుచేసుకునే యజమానికి ప్రభుత్వం డబ్బు సాయం చేయాలి.